లెక్కల మాస్టారితో ఒక శనివారం కేంబ్రిడ్జిలో

ప్రశ్న: మా అత్తామామలు మే నెలలో లండన్ వస్తున్నారు. మామయ్యగారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. రామానుజన్ ఉన్న కేంబ్రిడ్జి చూడాలని ఆయనకు ఎప్పటినుంచో కోరిక. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, బయట తిండి సహించదు. మాకు వీలయ్యేది ఒక్క శనివారమే. నెట్‌లో చూస్తే పాతిక చోట్ల పేర్లు కనిపిస్తున్నాయి. చూస్తుంటేనే టెన్షన్‌గా ఉంది. దేనికి టికెట్ కొనాలి, ఏది వదిలేయాలి?
– ఒక కోడలు, హారో, లండన్

జవాబు: ముందు మే నెల సంగతి చెప్పాలమ్మా. అక్కడ మే, జూన్ పరీక్షల కాలం. పిల్లలు చదువుకుంటుంటారని చాలా కాలేజీలు బయటివాళ్లను రానివ్వవు, రానిచ్చినా వేళలు కుదిస్తాయి. కాబట్టి మీ జాబితాలో ముప్పావు వంతు ఇప్పుడే కొట్టేయండి. కేంబ్రిడ్జిలో 31 కాలేజీలున్నాయి. అన్నీ చూసొచ్చామని చెప్పేవాళ్లు గేట్లు చూసొచ్చారని అర్థం. మీరు ఒకదాన్ని లోపల కూర్చుని, ఒకదాన్ని బయట నిలబడి, మిగతావి పడవలోంచి చూస్తే చాలు.

లండన్ కింగ్స్ క్రాస్ నుంచి ఎక్కువ స్టేషన్లలో ఆగని రైలు ఎక్కితే యాభై నిమిషాల ప్రయాణం. లండన్‌లో బస్సులకు, రైళ్లకు వాడే ఆయిస్టర్ కార్డు అక్కడిదాకా చెల్లదు, టికెట్ కొనాల్సిందే. ముగ్గురు, అంతకన్నా ఎక్కువమంది పెద్దవాళ్లు కలిసి వెళ్తే రద్దీ లేని వేళల ఆఫ్‌పీక్ టికెట్లపై మూడో వంతు తగ్గించే గ్రూప్‌సేవ్ ఉంది, కొనేటప్పుడు అది ఎంచుకోండి. స్టేషన్ నుంచి ఊరి నడిబొడ్డుకు మైలు పైనే. అత్తయ్యగారి ఓపికంతా అక్కడే ఖర్చు చేయించకండి, బస్సెక్కించండి.

పొద్దున్నే ట్రినిటీ స్ట్రీట్‌కు వెళ్లండి. మామయ్యగారి రోజు మొదలయ్యేది ఇక్కడే, పైసా ఖర్చు లేదు. ట్రినిటీ కాలేజీ పెద్ద గేటు మీద దాన్ని 1546లో స్థాపించిన ఎనిమిదో హెన్రీ విగ్రహం ఉంటుంది. ఆయన చేతిలో రాజదండం ఉండాల్సిన చోట కుర్చీ కాలు కనిపిస్తుంది. ఎప్పుడో కుర్రాళ్లు చేసిన చిలిపి పని అంటారు, కాలేజీవాళ్లూ దాన్ని అలాగే ఉంచేశారు. గేటుకు కుడిపక్క పచ్చికలో చిన్న ఆపిల్ చెట్టు ఉంది. న్యూటన్ సొంతూరి ఇంటి తోటలోని చెట్టు నుంచి అంటుకట్టిన వంశం అది. దాని వెనక మొదటి అంతస్తు గదుల్లోనే న్యూటన్ ఉండేవాడు. అందరూ చెట్టుతో సెల్ఫీ దిగి వెళ్లిపోతారు, వెనక్కి తిరిగి చూసేవాళ్లు తక్కువ.

మీరు మాత్రం వెనక్కి తిరగండి. రోడ్డుకు అవతలి పక్కన ట్రినిటీకే చెందిన వ్యూయెల్స్ కోర్ట్ అనే వసతి భవనం ఉంది. 1914లో వచ్చిన రామానుజన్ కొంతకాలం ఉన్నది అందులోనే. వంట తనే చేసుకునేవాడు. యుద్ధం మొదలయ్యాక శాకాహారికి కావలసిన సరుకులు దొరకడమే గగనమైంది. అప్పుడు కింగ్స్ కాలేజీలో చదువుతున్న, తర్వాత గణాంక శాస్త్రంలో పేరు తెచ్చుకున్న మహలనోబిస్ ఒకసారి ఆయన గదికి వెళ్లి, చలికి నిద్ర పట్టడం లేదని విని మంచం చూశాడట. దుప్పట్లన్నీ పరుపు కిందికి బిగించి దోపి ఉన్నాయి. వాటిని లాగి కిందికి దూరి పడుకోవాలని రామానుజన్‌కు ఎవరూ చెప్పలేదు. ఓవర్‌కోటు వేసుకుని, శాలువా కప్పుకుని వాటిపైనే పడుకుంటున్నాడు. మహలనోబిస్ దుప్పటి తీసి ఎలా దూరాలో చూపించాడు. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వం, అదే ఏడాది ట్రినిటీ ఫెలోషిప్ అందుకున్న మనిషి ఇంగ్లండ్ చలికాలాన్ని అలా మొదలుపెట్టాడు. ఆ గోడ ముందు నిలబడి మామయ్యగారికి ఈ కథ చెప్పండి. ఆయనకు ముందే తెలిసుంటే ఆయన చేతే చెప్పించుకోండి, ఇంకా బాగుంటుంది.

ట్రినిటీ పక్కదే సెయింట్ జాన్స్ కాలేజీ. మన కట్టమంచి రామలింగారెడ్డిగారు చదివింది అక్కడే. ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి వైస్ చాన్సలర్ ఆయన. తెలుగువాళ్లు ఆ గేటు ముందు నుంచే నడిచి వెళ్తూ ఈ సంగతి తెలియకుండా పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మధ్యాహ్న భోజనానికి ఇంటి నుంచే పులిహోర తీసుకెళ్లండి. కింగ్స్ కాలేజీ ముందు రోడ్డు వెంట పొట్టి గోడ ఉంది, ఊరంతా దానిమీదే కూర్చుని తింటుంది, మిమ్మల్ని ఎవరూ వింతగా చూడరు. లోపలి పచ్చిక మీద మాత్రం కాలు పెట్టకండి, అది ఫెలోల, అంటే కాలేజీ సభ్యులైన పండితుల హక్కు. ఎదురుగా మూలన బంగారు రంగు గడియారం మీద పెద్ద మిడత ఒకటి నోరు తెరుస్తూ మూస్తూ నిమిషాలు మింగుతుంటుంది. 2008లో స్టీఫెన్ హాకింగ్ ఆవిష్కరించారు. కావాలనే తప్పు టైము చూపిస్తుంది, అయిదు నిమిషాలకోసారి మాత్రమే సరిగ్గా ఉంటుంది. రైలు టైముకు దాన్ని నమ్ముకోకండి.

తిన్నాక సిల్వర్ స్ట్రీట్ దగ్గర పడవ ఎక్కండి. దాన్ని పంట్ అంటారు, అడుగు చదునుగా ఉంటుంది, వెనక నిలబడినవాళ్లు పొడవాటి గడకర్రతో తోస్తారు. మీరే తోసుకునే పడవ చవకే కానీ, పెద్దవాళ్లతో ఆ ప్రయోగం వద్దు. మనిషిని పెట్టి తిప్పేది తీసుకోండి, ముప్పావు గంట పడుతుంది. సీటు దాదాపు నేల మట్టానికి ఉంటుంది. అత్తయ్యగారిని ముందు గట్టు మీద కూర్చోబెట్టి, చెరో చెయ్యి పట్టుకుని దించండి. లేచేటప్పుడే కష్టం, ఆ సంగతి పడవ అబ్బాయికి ఎక్కేముందే చెప్పి ఉంచండి. కాలేజీల వెనక తోటలన్నీ నది మీంచే కనిపిస్తాయి, సెయింట్ జాన్స్‌లో 1831 నాటి బ్రిడ్జ్ ఆఫ్ సైస్ కింద నుంచి వెళ్తారు.

సిల్వర్ స్ట్రీట్ వంతెన పక్కనే క్వీన్స్ కాలేజీ చెక్క వంతెన ఉంది, మ్యాథమెటికల్ బ్రిడ్జ్ అంటారు. అన్నీ తిన్నని దూలాలే, చూడటానికి మాత్రం విల్లులా వంగి ఉంటుంది. న్యూటన్ మేకు లేకుండా కట్టాడనీ, విద్యార్థులు విప్పి మళ్లీ బిగించలేకపోయారనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. వంతెన కట్టింది 1749లో, న్యూటన్ పోయింది 1727లో. తీసివేత మామయ్యగారు చేసుకుంటారు.

అక్కడి నుంచి ఫిట్జ్‌విలియమ్ మ్యూజియం కొద్ది దూరమే, ప్రవేశం ఉచితం. బొమ్మలు చూసే ఓపిక లేకపోయినా కూర్చోవడానికి, బాత్రూముకు, వాన వస్తే తలదాచుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

అయిదు గంటలకల్లా కింగ్స్ కాలేజీ చాపెల్ దగ్గర క్యూలో ఉండండి. పగలైతే టికెట్ తక్కువేమీ కాదు. టర్మ్ నడిచే రోజుల్లో సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో ఈవెన్‌సాంగ్ అనే, పాటలతో సాగే ప్రార్థన ఉంటుంది, దానికి డబ్బు అక్కర్లేదు, ఏ మతంవాళ్లయినా రావచ్చు. మీరు వెళ్లే శనివారం ఉందో లేదో వెబ్‌సైట్లో చూసుకోండి. ఫోటోలు తీయనివ్వరు, అటూ ఇటూ తిరగనివ్వరు. లోపలున్న, రూబెన్స్ అనే పాత చిత్రకారుడు వేసిన చిత్రాన్ని దగ్గర నుంచి చూడాలనుకుంటే మాత్రం పగటి టికెట్టే గతి. నన్నడిగితే పాటకే వెళ్లమంటాను. 1446లో పునాదిరాయి పడి, యుద్ధాలతో ఆగుతూ సాగుతూ కట్టిన గుడి అది. గోడల్లో కింది రాయి తెల్లగా, పైది వేరే రంగులో ఉంటుంది, పని ఆగి మళ్లీ మొదలైన ఆనవాలు అది. పైకప్పును 1512, 1515 మధ్య జాన్ వాస్టెల్ అనే మేస్త్రీ వేశాడు. విసనకర్రలు విప్పి పక్కపక్కన పేర్చినట్టు రాతి ఈనెలు రెండు గోడల నుంచి లేచి మధ్యలో కలుస్తాయి, నడుమ ఒక్క స్తంభం లేదు. చిన్నపిల్లల గొంతులు ఆ రాతికి తగిలి తిరిగొస్తుంటే అత్తయ్యగారికి భాష తెలియకపోయినా ఫర్వాలేదు.

ప్రశ్న: ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి రెండూ ఒకే రోజు చూడొచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వద్దు. రెండింటి మధ్య నేరుగా రైలు లేదు, ఉన్న లైను 1967 చివర్లో మూసేశారు. లండన్ వచ్చి మారాలి, లేదా గంటలకొద్దీ బస్సులో కూర్చోవాలి. ఒకటే అంటే, పాత లైబ్రరీలు, మ్యూజియంలు ఇష్టమైతే ఆక్స్‌ఫర్డ్. నది, తోటలు ఇష్టమైతే కేంబ్రిడ్జి. ఆక్స్‌ఫర్డ్‌కు పాడింగ్టన్ నుంచి రైలు, గంట ప్రయాణం. రాధాకృష్ణన్‌గారు 1936 నుంచి ప్రొఫెసర్‌గా ఉన్న ఊరు కూడా అదే.