పొలం తాకట్టుకు ముందు ఒక లోన్ ఫైలు

ప్రశ్న: మాది నంద్యాల దగ్గర పల్లె. అమ్మాయి బీకామ్ ఆఖరి సంవత్సరం, మార్కులు బాగానే వస్తాయి. సోలార్, బ్యాటరీ కంపెనీలకు పెట్టుబడి సమకూర్చే రంగంలోకి వెళ్తానంటోంది. అందుకు యూకేలో సస్టైనబుల్ ఫైనాన్స్ ఎమ్మెస్సీ చేయాలట. ఖర్చు 35 లక్షలు. రెండెకరాలు తాకట్టు పెట్టాలి. మా తోడల్లుడి కొడుకు సాఫ్ట్‌వేర్‌లో హాయిగా ఉన్నాడు. ఈ గ్రీన్ ఫైనాన్స్ నాలుగు రోజుల మోజేనా? ఎమ్మెస్సీ, ఎంబీఏ, సీఏలలో ఏది మేలు? ఆడపిల్లకు సైట్ల వెంట తిరిగే పని సరిపడుతుందా?

జవాబు: మూడు కోర్సుల పేర్లు రాసి ఏది మేలని అడిగారు గానీ, మీ అసలు భయం వేరు. పొలం పోయి ఉద్యోగం కూడా రాకపోతే ఎలా అన్నది కదా? కోర్సు పేరు మారుతుంటుంది, ఈ భయం మాత్రం ప్రతి ఏడాదీ వస్తుంది. ఒకప్పుడు బయోటెక్నాలజీ, తర్వాత డేటా సైన్స్, ఇప్పుడు ఇది. ముందు దాని సంగతి చూద్దాం.

రంగం మాయమైపోయేది కాదు, అంతవరకు టెన్షన్ పడకండి. మీకు దగ్గర్లోనే గని, శకునాల గ్రామాల భూముల్లో దాదాపు ఆరు వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి నడుస్తోంది. పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ (నీళ్లు పైకి తోడి ఉంచి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే) ప్రాజెక్టు చేపట్టిన గ్రీన్‌కో హైదరాబాద్ కంపెనీయే. అందులో సింగపూర్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ జీఐసీ, అబుదాబి ఇన్వెస్ట్‌మెంట్ అథారిటీ డబ్బు పెట్టాయి. అంత దూరం నుంచి మీ రాళ్ల గుట్టల దాకా డబ్బు వచ్చిందంటే మధ్యలో ఎన్నో ఫైళ్లు కదిలాయి. మీ అమ్మాయి చేస్తానంటున్నది ఆ ఫైళ్ల పనే.

ఈ రంగంలో ఫైనాన్స్ వాళ్లకు అంత గిరాకీ ఎందుకో కూడా తెలుసుకోండి. బొగ్గు ప్లాంటు నడిచినన్నాళ్లూ బొగ్గు కొంటూనే ఉండాలి. ఎండకు బిల్లు లేదు. భూమి, ప్యానెళ్లు, లైన్లు, దాదాపు ఖర్చంతా మొదట్లోనే పడిపోతుంది. వంద కోట్ల ప్రాజెక్టులో 70, 75 కోట్లు అప్పే. 75 కోట్ల మీద వడ్డీ అరశాతం పెరిగితే ఏడాదికి 37.5 లక్షలు అదనం. అమ్మే ధరేమో పాతికేళ్లకు ముందే రాసుకుంటారు, తర్వాత పెంచడానికి ఉండదు. కడప సోలార్ పార్కులో 2017 ఏప్రిల్‌లో యూనిట్ 3.15 రూపాయలకు ఇస్తామంటే అందరూ ఆశ్చర్యపోయారు. మరుసటి నెలలోనే రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44కు దిగింది. ప్యానెళ్ల ధర తగ్గడం ఒక కారణమైతే, తక్కువ వడ్డీకి అప్పు పుట్టడం ఇంకో పెద్ద కారణం.

ఇక నా అనుమానాలు. అవి రంగం మీద కాదు, దాని పేరుతో అమ్ముతున్న కోర్సుల మీద. ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, కంపెనీ పాలన) సర్టిఫికెట్ల ప్రకటనలు మీ అమ్మాయి ఫోన్లో కూడా తిరుగుతూనే ఉంటాయి. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు పర్యావరణం, సామాజిక బాధ్యతల మీద బీఆర్ఎస్ఆర్ అనే నివేదిక ఇవ్వాలని తప్పనిసరి చేసింది. దాంతో ఉద్యోగాలు వచ్చిన మాట నిజం. కానీ చేరిన పిల్లలు చాలామంది చేస్తున్నదేమిటి? ఏ ఫ్యాక్టరీ ఎన్ని లీటర్ల డీజిల్ కాల్చింది, ఎన్ని యూనిట్ల కరెంటు వాడింది అని మెయిళ్లు పెట్టి, వచ్చిన అంకెలను ఎక్సెల్‌లో నింపడం. దాన్ని చిన్నచూపు చూడను, కానీ దానికి ఫైనాన్స్ అని పేరు పెట్టి లక్షలు గుంజడం నాకు నచ్చదు. రేపు సాఫ్ట్‌వేర్ మొదట మింగేది ఇలాంటి పనినే. క్లైమేట్ స్టార్టప్‌లకు పెట్టుబడి పెట్టే వెంచర్ ఫండ్ల మాటైతే ఇంకా వేరు. అక్కడ ఉండేవే కొద్ది సీట్లు, అవి బీకామ్ నుంచి నేరుగా వచ్చే పిల్లలకు దక్కడం చాలా అరుదు. వాళ్ల పందాలు కూడా పెద్దవి. యూరప్ అంతా ఆశలు పెట్టుకున్న స్వీడన్ బ్యాటరీ కంపెనీ నార్త్‌వోల్ట్ 2025 మార్చిలో దివాలా తీసింది.

అసలు పని ఎలా ఉంటుందో చెప్పడానికి సోలార్ కంపెనీ జెన్సోల్ ఇంజినీరింగ్ ఉదంతం కంటే మంచి పాఠం నాకు దొరకలేదు. 2025 ఏప్రిల్‌లో సెబీ ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వును మీ అమ్మాయి చేత చదివించండి. ప్రభుత్వ రుణ సంస్థలు ఇరెడా, పీఎఫ్‌సీల నుంచి తెచ్చిన అప్పులో 664 కోట్ల దాకా 6,400 విద్యుత్ కార్ల కోసం. కొన్నది 4,704 అని కంపెనీయే చెప్పింది. మిగతా డబ్బు దారి మళ్లిందన్నది సెబీ అభియోగం. నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఇంకో చిన్న విషయం. పుణె దగ్గర చాకణ్‌లోని వాళ్ల కార్ల ప్లాంటు చూడ్డానికి స్టాక్ ఎక్స్ఛేంజ్ అధికారి వెళ్తే ఇద్దరు ముగ్గురు కూలీలే కనిపించారు. కరెంటు బిల్లులు తీయిస్తే, ఏడాది మొత్తంలో అతి పెద్ద నెల బిల్లు 1.57 లక్షలు. కార్లు తయారయ్యే చోట ఆ బిల్లేమిటి? ఆ ప్రశ్న వేయగలిగిన మనిషికే ఈ రంగంలో జీతం. ఏ ఎమ్మెస్సీ సిలబస్‌లోనూ ఈ చూపు నేర్పరు.

రిస్కు ఇంకోటి ఉంది, అది మన రాష్ట్రానిదే. 2019లో ప్రభుత్వం గాలి, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరలు తగ్గించాలని కమిటీ వేసింది. కరెంటు కొని పంపిణీ చేసే సంస్థలు, అంటే డిస్కంలు, కంపెనీలకు ఇవ్వాల్సిన బకాయిలు పేరుకుపోయాయి. ఒప్పందంలో ఉన్న ధరే చెల్లించాలని హైకోర్టు తేల్చేసరికి 2022 మార్చి వచ్చింది. అన్నాళ్లూ కంపెనీలు బ్యాంకులకు వాయిదాలు కట్టుకుంటూనే ఉండాలి. ఏ రాష్ట్ర డిస్కం ఎన్ని నెలలకు డబ్బిస్తుందో తెలియకుండా ఇక్కడ అప్పు లెక్క వేయలేం. లండన్ క్లాస్‌రూమ్‌లో అది దొరకదు.

ఇప్పుడు మీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి, ఏమనుకోకండి. తోడల్లుడి కొడుకు ఊసు ఎందుకండీ ఇందులో? ఆ అబ్బాయి జీతం మీ అమ్మాయి అర్హత ఎలా అవుతుంది? సైట్ల మాట కూడా అంతే. బ్యాంకు తరఫునో, కంపెనీ అప్పు తీర్చగలదా లేదా అని అంచనా కట్టే రేటింగ్ సంస్థ తరఫునో అప్పుడప్పుడు వెళ్లి ప్యానెళ్లు ఉన్నాయో లేదో చూసి రావడం కూడా ఆడపిల్లకు కష్టమనుకుంటే, అదే పిల్లను ఒంటరిగా యూకే పంపడానికి పొలం ఎలా తాకట్టు పెడుతున్నారు? ఇది ఆలోచించి రాసిన ప్రశ్నలా లేదు, ఇంట్లో నలుగురు అన్న మాటలన్నీ కలిపి రాసినట్టుంది. పిల్ల ఒక రంగం పేరు చెప్పి, అందులో ఏం పనో కూడా చెప్పగలుగుతోందంటే అది మీరు సంతోషించాల్సిన విషయం.

కోర్సుల సంగతి క్లుప్తంగా. ఈ ఏడాది యూకే వద్దు. చదువయ్యాక అక్కడ ఉండనిచ్చే గడువును రెండేళ్ల నుంచి ఏడాదిన్నరకు తగ్గిస్తామని 2025లో ప్రకటించారు. ఆ వ్యవధిలో స్పాన్సర్ చేసే కంపెనీ దొరకాలి, మీ అప్పు వాయిదాలూ మొదలవుతాయి. సీఏ గానీ సీఎంఏ (కాస్ట్ అకౌంటెన్సీ) గానీ చేసే ఓపిక ఉంటే అంతకంటే చవకైన, గట్టి దారి లేదు. ఓపిక లేకపోతే మంచి కాలేజీలో ఫైనాన్స్ ఎంబీఏ. మంచి కాలేజీ అన్న మాట గుర్తుంచుకోండి, సందుకొకటి ఉన్నవాటి గురించి చెప్పడం లేదు. ఎంట్రన్సుల గురించి మీ అమ్మాయికి నాకంటే బాగా తెలిసే ఉంటుంది. ఏ దారిలో వెళ్లినా చేరేది బ్యాంకు ప్రాజెక్టు ఫైనాన్స్ విభాగం, ఇరెడా, పీఎఫ్‌సీ, ఆర్ఈసీ, రేటింగ్ సంస్థలు, కంపెనీల ఫైనాన్స్ టీములు. ఒకవేళ సోలార్ చల్లబడినా, అప్పు ఫైలు చదవడం వచ్చిన పిల్ల రోడ్లకో నీటి ప్రాజెక్టులకో మారుతుంది. రెండు మూడేళ్లు పనిచేశాక కూడా యూకే అంటే అప్పుడు వెళ్లనివ్వండి. చేతిలో అనుభవం ఉంటుంది, తన డబ్బూ కొంత ఉంటుంది.

ఈలోగా ఒక పని చెప్పండి. ఇక్రా, క్రిసిల్ వెబ్‌సైట్లలో సోలార్ కంపెనీల రేటింగ్ నివేదికలు ఉచితంగా ఉంటాయి. ఏదో ఒక కంపెనీది తీసుకుని, దానికి అప్పివ్వొచ్చా లేదా అని తెలుగులో ఒక పేజీ రాయమనండి. ఎండ తగ్గితే ఏమవుతుంది, డిస్కం ఆరు నెలలు డబ్బివ్వకపోతే ఏమవుతుంది, వడ్డీ పెరిగితే ఏమవుతుంది, అన్నీ అందులో రావాలి. రాస్తూ విసుక్కుంటే ఈ రంగం వద్దని తనకే తెలుస్తుంది. ఇంకో కంపెనీది కూడా చదువుతానంటే సీఏ ఫౌండేషన్ అక్కర్లేకుండా నేరుగా సీఏ ఇంటర్‌మీడియట్‌లో చేరే వీలు తగిన మార్కులున్న డిగ్రీ వాళ్లకు ఉంది, ఆ వివరాలు చూడమనండి. రాసిన పేజీ మీరూ చదవండి. పంట రుణం కోసం బ్యాంకు మేనేజరు ముందు కూర్చున్న మనిషి కాబట్టి, ప్రశ్నలు తనకంటే మీకే ఎక్కువ తడతాయి.