అంబర్ సంగతి తర్వాత, ముందు బత్తాయి తోటలో పసుపు పళ్లెం పెట్టించండి

దేవరకొండ దగ్గర్నుంచి ఒక తండ్రి రాశారు: "మా బిడ్డ నల్లగొండలో బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం. ఏదో వీడియోలో కోట్ల ఏళ్లనాటి కందిరీగను చూసినప్పటి నుంచి అంబర్‌లో, అంటే కోట్ల ఏళ్లకు రాయిలా గట్టిపడ్డ చెట్టు బంకలో, చిక్కిన పరాన్నజీవి కందిరీగల (వేరే పురుగుల్లో గుడ్లు పెట్టేవి) మీదే పరిశోధన చేస్తానని ఒకటే పట్టు. బీఎడ్ చేసి డీఎస్సీ రాయమంటే మొహం మాడ్చుకుంటోంది. నాకున్నది రెండెకరాల బత్తాయి, ఎకరంన్నర వరి. ఆ చదువు అన్నం పెడుతుందా?"

అన్నా, సూటిగా చెప్తా. 'అంబర్ కందిరీగల నిపుణులు కావలెను' అని మన దగ్గర నోటిఫికేషన్ పడదు. కానీ ఆ పనికి కావాల్సిన చూపు ఉన్నవాళ్లకు పని ఉంది. మీ ఇంట్లో గొడవంతా ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చిందే.

బిడ్డ చూసింది బహుశా 2025లో బయటపడ్డ సైరెనోబెథైలస్ అయి ఉంటుంది. మయన్మార్ కచిన్ అంబర్‌లో దొరికింది, దాదాపు 9.9 కోట్ల ఏళ్లది. పొట్ట చివర బోనులాంటి అమరిక, పురుగుల్ని పట్టి తినే వీనస్ ఫ్లైట్రాప్ మొక్క ఆకులాగా మూసుకుంటుంది. దాంతో ఇంకో పురుగును కదలకుండా పట్టి గుడ్డు పెట్టేదని శాస్త్రవేత్తల అంచనా. తెలిసిన ఏ కుటుంబంలోనూ ఇమడలేదని దానికోసం కొత్త కుటుంబమే పెట్టారు. అది చూసి మనసు పారేసుకోవడంలో తప్పేం లేదు, నేనూ రెండుసార్లు చూశా.

వీడియోలో చూపించనిది అసలు పని. పరాన్నజీవి కందిరీగల్లో ఇక్నుమోనిడ్ అనే కుటుంబాన్ని, బ్రాకోనిడ్ అనే కుటుంబాన్ని వేరు చేయడానికి ముందు రెక్కలో ఒక చిన్న అడ్డ ఈనె ఉందా లేదా అని చూస్తారు. ఇక్నుమోనిడ్‌లకు దాదాపు అన్నింటికీ ఉంటుంది, బ్రాకోనిడ్‌లకు ఉండదు. అంబర్‌లో సరిగ్గా ఆ ఈనె ఉండాల్సిన చోటే గాలి బుడగో, పగులో, లేదంటే మడత పడ్డ ఇంకో రెక్కో అడ్డం ఉంటుంది! అప్పుడు అంబర్‌ను మరోవైపు నుంచి కొంచెం కొంచెంగా సానపట్టాలి, అప్పటికీ కనపడకపోతే మైక్రో సీటీ స్కాన్‌కు పంపాలి. డీఎన్‌ఏ చూసి తేల్చేద్దామంటే అంత పాత అంబర్‌లోంచి డీఎన్‌ఏ రాదు. మీసం కణుపులు లెక్కపెట్టడం, బొమ్మ గీయడం, పాత వర్ణనలతో పోల్చుకోవడం, ఇదంతా ఒక్క పురుగుకే వారాలు పడుతుంది.

అంబర్ కోసం మయన్మార్ దాకా పోనక్కర్లేదు కూడా. అక్కడి గనుల చుట్టూ సాయుధ ఘర్షణలున్నాయి, ఆ నమూనాల మీద రాయాలా వద్దా అని శాస్త్రవేత్తల్లోనే పెద్ద వాదన నడుస్తోంది. గుజరాత్‌లో వస్తాన్ లిగ్నైట్ గనిలో సుమారు 5 కోట్ల ఏళ్లనాటి అంబర్ దొరికింది. మనం పొగ వేసుకునే గుగ్గిలం ఉంది చూడండి, ఆ చెట్ల కుటుంబం నుంచి కారిందే అది. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ వాళ్లు ఆ పరిశోధనలో ఉన్నారు.

ఇప్పుడు మీ వరి మడికి రండి. మొగి పురుగుకు ట్రైకో కార్డులు, అంటే బుల్లి కందిరీగ గుడ్లు పెట్టిన పురుగు గుడ్లు అంటించిన అట్టలు, పెట్టే ఉంటారు. ఆ కార్డులోంచి బయటికొచ్చేది మీ బిడ్డ చెప్తున్న కందిరీగల చుట్టమే, అర మిల్లీమీటరు ఉంటుందేమో. పాదానికి మూడే కణుపులుంటే అది ట్రైకోగ్రామా కుటుంబం. కుటుంబం వరకు ఇలా తేలిపోతుంది, కానీ అందులో ఏ జాతి అనేది తప్పు చెప్తే కార్డు పెట్టీ లాభం లేదు. 2010లో బొప్పాయి పిండినల్లి రైతులను ముంచుతుంటే విదేశం నుంచి మూడు రకాల బుల్లి కందిరీగలను తెప్పించి వదిలారు, దాంతో పిండినల్లి అదుపులోకి వచ్చింది. ఏ కందిరీగ ఏదో గుర్తుపట్టేవాళ్లు లేకుంటే అది అయ్యే పని కాదు. బెంగళూరులో ఐసీఏఆర్ కీటక వనరుల సంస్థ, కోజికోడ్‌లో జువాలజికల్ సర్వే కేంద్రం, ఇవీ ఆ పని జరిగే చోట్లు. బతికున్నవాటి మీద చేయి తిరిగితే అంబర్ ఎప్పుడైనా పట్టొచ్చు. తలకిందులుగా మొదలుపెడితే కష్టం.

దారి విషయానికొస్తే: డిగ్రీ అయ్యాక పీజీ ప్రవేశ పరీక్షలు సీపీగెట్ (రాష్ట్రానిది), సీయూఈటీ పీజీ (కేంద్రానిది) రెండూ రాయించండి, ఎంఎస్సీ కీటకశాస్త్రం తీసుకునే వీలున్న చోటే సీటు చూసుకోండి. తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, అంటే మీ జేబు ముట్టుకోదు. జేఆర్‌ఎఫ్ రాకుండా పీహెచ్‌డీలో దిగితే మాత్రం నేను వద్దనే అంటా, మొహమాటం లేదు. చదువంతా అయ్యేసరికి 28, 29 ఏళ్లొస్తాయి, పర్మనెంట్ పోస్టులు తక్కువ, ఇది బిడ్డకు కూడా తెలియాలి. ఎంఎస్సీ అయ్యాక కూడా బీఎడ్ చేయొచ్చు కాబట్టి మీ టెన్షన్ సగం తగ్గించుకోండి. విదేశీ సీటు పేరు చెప్పి ఎవరైనా పొలం అమ్మమంటే మాత్రం వినకండి.

ఈలోపు ఒక పరీక్ష. పసుపు ప్లాస్టిక్ పళ్లెం బత్తాయి చెట్టు కింద పెట్టి, రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలపమనండి. పసుపు రంగుకు బుల్లి కందిరీగలు వస్తాయి, సబ్బు వల్ల మునుగుతాయి. పొద్దున్నే తెల్లగుడ్డలో వడకట్టి, సన్న కుంచెతో ఏరి, స్పిరిట్ సీసాలో వేసుకుని కాలేజీ మైక్రోస్కోప్ కింద చూడాలి. కణుపులు లెక్కపెట్టి, రెక్క బొమ్మ నోట్‌బుక్‌లో గీయాలి. రెండు నెలలు, ప్రతి ఆదివారం. నలభయ్యో పురుగు దగ్గర కూడా బిడ్డకు విసుగు రాకుంటే నాకు మళ్లీ రాయండి, ఎవరిని కలవాలో చెప్తా. విసుగొస్తే డీఎస్సీ పుస్తకాలు ఎలాగూ ఉన్నాయి.

ఒక్కటి మాత్రం, తోటకు మందు కొట్టిన వారంలో పళ్లెం పెట్టనీయకండి. ఏం పడవు, పిల్ల ఊరికే నీరుగారిపోతుంది.