ఘాట్ ఎక్కే లారీకి ఆయిల్ కూలర్: అల్లుడికో ఉత్తరం

అల్లుడూ,

మామయ్య దీవెనలు. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి జారుతోందని, ఎవరో ఆయిల్ కూలర్ (ఇంజన్ ఆయిల్‌ని చల్లబరిచే చిన్న రేడియేటర్ లాంటిది) వేయించమన్నారని రాశావు. నేను కాదనను. కానీ బండికి నిజంగా జ్వరం ఉందో లేదో చూడకుండా మాత్ర వేయకు.

ముందు ఆయిల్ వేడి చూపించే మీటర్ ఒకటి పెట్టించు. డ్యాష్‌బోర్డు మీద ఉన్నది నీళ్ల వేడి. అది మామూలుగానే ఉన్నా లోపల ఆయిల్ కాగిపోతూ ఉండొచ్చు. ఫుల్ లోడుతో ఒకసారి ఘాట్ ఎక్కి చూడు. 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటే కూలర్ మాట మర్చిపో. 120 దాటి అక్కడే నిలబడితే ఆలోచించాలి. 130 దాటితే మాత్రం ఆయిల్ మరీ పలచబడిపోతుంది, త్వరగా పాడవుతుంది, బేరింగులకు ప్రమాదం. అదే వేడి బాగానే ఉండి ప్రెషర్ ఒక్కటే పడిపోతుంటే బేరింగులైనా, ఆయిల్ పంపైనా అరిగి ఉండొచ్చు. దానికి కూలర్ వేయిస్తే రోగం ఒకటి, మందు ఒకటి.

రేడియేటర్ రెక్కల్లో మట్టి, పురుగులు పేరుకున్నాయేమో, ఫ్యాన్ బెల్టు వదులైందేమో కూడా చూడు. ఆయిల్ ఫిల్టర్ పక్కన, ఇంజన్ బ్లాక్ మీద కంపెనీ వేసిన కూలర్ ఉందేమో కనుక్కో. చాలా డీజిల్ ఇంజన్లకు అది ముందే ఉంటుంది, నీళ్లతో చల్లబడుతుంది. దాన్ని శుభ్రం చేయిస్తే సరిపోవచ్చు.

ఇవన్నీ అయ్యాక కూడా అవసరమే అనుకుంటే, ఫిల్టర్‌కీ బ్లాక్‌కీ మధ్య బిగించే సాండ్‌విచ్ ప్లేటు థర్మోస్టాట్ ఉన్నదే తీసుకో. ఆయిల్ 80 డిగ్రీల దగ్గరికి వచ్చాకే అది కూలర్‌కి దారి వదులుతుంది. అది లేకపోతే చలికాలం తెల్లవారుజామున ఆయిల్ ఎంతసేపటికీ కాగదు, అందులో చేరిన తేమ ఆవిరి కాదు, చివరికి మడ్డి పడుతుంది. ప్లేటు మర నీ ఫిల్టర్ మరతో కలవాలి. పాత ఫిల్టర్ చేత్తో పట్టుకుని షాపుకి వెళ్లు, నోటితో చెప్పొద్దు.

కూలర్‌ని చాసిస్ కింద ఖాళీ ఉంది కదా అని అక్కడ పెడతామంటారు. వద్దు. ఘాట్‌లో ఫస్ట్ గేర్‌లో పాకుతున్నప్పుడు ఎదురుగాలి ఎక్కడిది? ఫ్యాన్ లాగే గాలే దిక్కు. అందుకని రేడియేటర్ ముందే, రెండు వేళ్ల సందు వదిలి, రబ్బరు బుష్‌ల మీద పెట్టించు. పైపుల మూతులు పైకి ఉండాలి, లేకపోతే లోపల గాలి చిక్కుకుంటుంది.

ఇక పైపులు. నీ వయసులో నాకున్న పొగరు చెబుతా విను. నూనె పైపుకి డబ్బు ఎందుకని రేడియేటర్‌కి వేసే రబ్బరు పైపు తెచ్చి, రెండు స్క్రూ క్లిప్పులు బిగించాను. ఆరు వారాలు బాగానే తిరిగింది. ఒక మధ్యాహ్నం మలుపు తిరుగుతుంటే టప్‌మని చప్పుడు, అద్దం నిండా నల్లటి నూనె తుంపర. ప్రెషర్ ముల్లు సున్నా మీద పడిపోయింది. నేను ఆపేలోపే ఇంజన్ పట్టేసింది. పైపు విప్పి చూస్తే లోపలి రబ్బరు నానబెట్టిన మినపప్పు పొట్టులా ఊడొచ్చింది. క్రాంక్‌షాఫ్ట్‌తో సహా పోయింది. మీ అత్తయ్య గాజులు ఆ పైపుకే వెళ్లాయి, ఇప్పటికీ ఆ మాట ఎత్తదు.

నువ్వు హైడ్రాలిక్ షాపులో నూనెకి తట్టుకునే పైపే, చివర్లకి ఫిట్టింగులు ప్రెస్ చేయించి తీసుకో. మరలకి టెఫ్లాన్ టేపు చుట్టనివ్వకు. ముక్క ఊడి సన్నటి ఆయిల్ దారిలో ఇరుక్కుంటుంది. సెకండ్‌హ్యాండ్ కూలర్ ఎంత చవకైనా వద్దు. పట్టేసిన ఇంజన్‌దైతే దాని సందుల్లో ఇనుప రజను ఉంటుంది, ఎంత కడిగినా పూర్తిగా పోదు.

బిగించాక స్టార్ట్ చేసి, ప్రెషర్ వచ్చేదాకా యాక్సిలరేటర్ తొక్కకు. రెండు నిమిషాలు నడిపి ఆపు, పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడు. కూలర్, పైపులు తాగినంత ఆయిల్ తగ్గి ఉంటుంది. పై గీత వరకు నింపు. మొదటి ట్రిప్పు నుంచి వచ్చాక కింద దూరి ప్రతి జాయింటూ వేలితో తడిమి చూడు.

మీటర్ పెట్టించి ఘాట్ ఎక్కి వచ్చిన అంకె రాయి. అప్పటిదాకా కూలర్‌కి అడ్వాన్సు ఇవ్వకు.

మీ మామయ్య