దేవుడే రాజైన దేశం గురించి రాయబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు పంపిన మ్యాపు, రాజవంశం పట్టిక, దుస్తుల బొమ్మలు అన్నీ తీరిగ్గా చూశాను. సముద్రం దాటి వచ్చి కోట కట్టుకున్నవాళ్లు ఒక పక్క, ఏటి ఒడ్డున తాతల నాటి నుంచి సేద్యం చేసుకుంటున్నవాళ్లు ఇంకో పక్క, ఇద్దరినీ ఏలే రాజు సాక్షాత్తూ దేవుడు. ఇలాంటి నవల తెలుగులో రావాలని నాకూ ఉంది. కానీ అంతా చదివాక కూడా నాకు అంతుపట్టని సంగతి ఒకటుంది. ఆ రాజును దేవుడని మొదట అన్నది ఎవరు, అన్నందుకు వాళ్లకు ఏం ముట్టింది?

నీ నోట్సులో ఆయన పుట్టుకతోనే దేవుడు, అందరూ దండం పెడతారు, అంతటితో సరి. అలాగైతే కథ ముందుకు కదలదు తల్లీ. ఆయనకు ఎదురే లేకపోతే నీ హీరోయిన్‌కు చెయ్యడానికి పనేముంటుంది? ఏళ్ల తరబడి పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పాను, చారిత్రక నవలలు రాశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను, రాజు ఎంత పెద్ద దేవుడైతే అంతమంది ఒప్పుకోవాలి, ఒప్పుకున్న ప్రతివాడికీ ఏదో ఒకటి దక్కాలి. ఆ ఇచ్చిపుచ్చుకోవడం ముందు రాసుకో. కిరీటం మీద ఎన్ని రాళ్లున్నాయో తర్వాత చూసుకోవచ్చు.

నువ్వు కల్పించాలనుకుంటున్న దేశానికి బాగా దగ్గరగా ఉన్నది నిజంగానే ఒకటి ఉండేది, టోలెమీల ఈజిప్టు. అలెగ్జాండర్ పోయాక ఆయన సేనాపతుల్లో ఒకడైన టోలెమీ ఈజిప్టును చేజిక్కించుకుని క్రీ.పూ. 305లో తానే రాజునన్నాడు. మాసిడోనియా మనిషి, మాట్లాడేది గ్రీకు. ఆ వంశం క్రీ.పూ. 30లో క్లియోపాత్రా చనిపోయేదాకా ఏలింది. వాళ్ల నాణేలు చూస్తే రాజు అచ్చమైన గ్రీకువాడు, జుట్టు చుట్టూ పట్టీ కట్టుకున్న మామూలు మనిషి ముఖం. ఎడ్ఫూ అనే ఊళ్లో హోరస్ దేవుడి గుడి గోడ మీద చూస్తే అదే వంశపు రాజు అచ్చమైన ఫారో, అంటే పాతకాలపు ఈజిప్టు రాజు, ఆ రాజుల కిరీటమే పెట్టుకుని, శత్రువుల జుట్టు పిడికిట్లో పట్టుకుని, గద ఎత్తి నిలబడి ఉంటాడు. ఎవరికి ఏ రాజు కావాలో వాళ్లకు ఆ రాజునే చూపించారు. నువ్వేమో పైబట్ట ఒక జాతిది, కింద పంచె ఇంకో జాతిది వేసి, ఇదే కలయిక అంటున్నావు. బొమ్మగా అందంగానే ఉంది, కానీ ఆ వేషంలో ఉన్న రాజును చూసి ఇటువాళ్లు మనవాడే అనుకుంటారా, అటువాళ్లు అనుకుంటారా?

ఒకే ఒంటి మీద రెండూ కలవకూడదని కాదు. తిరుమలలో మహాద్వారం దాటగానే కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడిన విగ్రహాలు నువ్వూ చూశావు కదా, ఈసారి వెళ్లినప్పుడు రాయల తల వైపు చూడు. పొడుగ్గా శంకువులా ఉన్న కుల్లాయి, పర్షియా వైపు నుంచి సుల్తానుల దర్బారుల మీదుగా వచ్చిన టోపీ అది. కిందికి చూస్తే ఒంటి మీద పైబట్ట లేదు, దేవుడి ముందు నిలబడే భక్తుడి తీరు. దర్బారుకు పనికొచ్చింది తల మీద ఉంది, గుడికి తగ్గది ఒంటి మీద ఉంది. అలా ప్రతి వస్తువుకూ ఏ చోట, ఎవరి ముందు అన్న లెక్క ఉంటే ఎన్ని కలిపినా నమ్మబుద్ధవుతుంది.

ఇక బేరం సంగతి. రొసెట్టా శిల పేరు నువ్వు వినే ఉంటావు, పాత లిపి చదవడానికి పనికొచ్చిన రాయి అని. దాని మీద ఏం రాసి ఉందో మాత్రం చాలామంది పట్టించుకోరు. క్రీ.పూ. 196లో పూజారులంతా మెంఫిస్ నగరంలో కూడి చేసిన తీర్మానం అది. రాజు ఐదవ టోలెమీ, పదమూడేళ్ల కుర్రాడు. దక్షిణాన తిరుగుబాటు నడుస్తోంది, అక్కడివాళ్లు తమలోంచే ఒకణ్ని ఫారోగా నిలబెట్టుకున్నారు. అలాంటి సమయంలో ఈ కుర్ర రాజు గుళ్లకు రావాల్సిన రాబడి ఖాయం చేశాడు, కొన్ని పన్నులు ఎత్తేశాడు, కొన్ని తగ్గించాడు, పూజారులు ఏటా పడవెక్కి రాజధాని అలెగ్జాండ్రియాకు రావాల్సిన పని ఇక లేదన్నాడు. బదులుగా వాళ్లు ప్రతి గుడిలో ఆయన విగ్రహం పెట్టి రోజుకు మూడుసార్లు సేవ చేస్తామని, ఆయన పుట్టినరోజు పండుగలా జరుపుతామని రాసిచ్చారు. అదే మాట దేవతల లిపిలో, జనం వాడుక లిపిలో, గ్రీకులో, మూడు రకాలుగా రాళ్ల మీద చెక్కించి గుళ్లలో నిలబెట్టమన్నారు.

ఆ పడవ మాట దగ్గర కాసేపు ఆగు. అంతకుముందు దేశంలో ఎక్కడెక్కడి పూజారులనో ఏటా తన ఊరికి రప్పించుకునే బలం రాజుకు ఉండేది. ఇప్పుడు దాన్ని వదులుకున్నాడు, రోజుకు మూడు సేవలు తీసుకున్నాడు. ఎవరికి ఎవరి అవసరం ఎక్కువగా ఉందో ఆ ఒక్క వాక్యంలో తెలిసిపోతోంది. నీ మొదటి అధ్యాయంలో యుద్ధం పెట్టావు చూడు, దాని బదులు ఇలాంటి వాక్యం ఒకటి ఎవరో గుమాస్తా చేత రాయించు, పాఠకుడు వెంటనే కూర్చుని చదువుతాడు.

దానికి నలభై రెండేళ్ల ముందు, క్రీ.పూ. 238లో, మూడవ టోలెమీ కాలంలో కనోపస్ అనే ఊళ్లో చేసిన తీర్మానం ఇంకోటి ఉంది, నాకు అది మరీ ఇష్టం. నైలు వరద చాలక పంటలు పోయినప్పుడు రాజూ రాణీ పన్నుల రాబడి కొంత వదులుకుని, బయటి దేశాల నుంచి ఎక్కువ ధర పెట్టి ధాన్యం తెప్పించారని పూజారులు అందులో మెచ్చుకుంటారు. వాళ్లు ఆ సమావేశంలో ఉండగానే రాజుగారి చిన్నకూతురు బెరెనికె చనిపోయింది. ఆ పాపను దేవతగా ప్రకటించి విగ్రహం, ఊరేగింపు అన్నీ ఏర్పాటు చేశారు, వాటితో పాటు గుడి తరఫున పూజారుల భార్యలకు ఇచ్చే రొట్టెకు ఒక ప్రత్యేకమైన ఆకారం ఉండాలని, దాన్ని బెరెనికె రొట్టె అని పిలవాలని కూడా నిర్ణయించారు. రాజవంశం దైవత్వం జనం ఇళ్లలోకి వచ్చేది ఇలా, తినే రొట్టె రూపంలో. ఆ రొట్టె విరిచి పిల్లలకు పెడుతున్న తల్లికి ఏమనిపించి ఉంటుందో ఏ శాసనంలోనూ ఉండదు, అది రాయాల్సింది నీలాంటివాళ్లే. నీ దేశంలో గుడి నుంచి ఇంటికి ఏం వస్తుంది? బియ్యమా, నూనా, ఉప్పా? అది ఒక ఏడు రాకపోతే ఎవరు ముందు గొణుగుతారు?

అదే తీర్మానంలో నాలుగేళ్లకు ఒకసారి సంవత్సరానికి ఒక రోజు కలపాలని కూడా ఉంది, పండుగలు రుతువులు తప్పి జరిగిపోతున్నాయని. లెక్క సరైనదే, రాజు దేవుడే, పూజారులే ఒప్పుకున్నారు, అయినా ఆ మార్పు జనంలో నిలవలేదు. రోమన్లు వచ్చాక ఆగస్టస్ కాలంలో గానీ అక్కడ లీపు రోజు స్థిరపడలేదు. అందుకే నీ దేవుడు ఏం చెయ్యగలడో రాసిన పేజీ పక్కన పెట్టి, ఏం చెయ్యలేడో ఇంకో పేజీ రాయి. వాన కురిపించలేకపోవచ్చు, పంచాంగం మార్చలేకపోవచ్చు, సొంత పెళ్లి తనకు నచ్చినట్టు చేసుకోలేకపోవచ్చు. నాకైతే ఆ రెండో పేజీ చదవాలనే ఎక్కువ ఆత్రంగా ఉంది.

నీ హీరోయిన్‌కు పనికొచ్చే సంగతి ఇప్పుడు చెబుతాను. ఆ దేశంలో గ్రీకు చట్టం ప్రకారం ఆడమనిషి పత్రం రాయాలంటే పక్కన మగ సంరక్షకుడు ఉండాలి. ఈజిప్టు చట్టం ప్రకారం అక్కర్లేదు, ఆవిడే ఆస్తి కొనొచ్చు, అమ్మొచ్చు, అప్పు ఇవ్వొచ్చు. క్రీ.పూ. 118 నాటి రాజాజ్ఞ ఒకదాన్ని బట్టి గ్రీకులకూ ఈజిప్టువాళ్లకూ మధ్య తగువు వస్తే పత్రం ఏ భాషలో రాసుకున్నారో ఆ భాష కోర్టే విచారించాలి. అంటే పత్రం రాయించుకునే రోజునే, రేపు గొడవైతే ఏ న్యాయమూర్తి ముందు నిలబడాలో తేలిపోతుంది. దక్షిణాన పాథిరిస్ అనే ఊళ్లో అపొల్లోనియా అని ఒకావిడ ఉండేది, గుర్రపుదళం అధికారి భార్య, ఆవిడకే సెన్మొంతిస్ అని ఈజిప్టు పేరు కూడా ఉంది. ఆవిడ అప్పులిచ్చిన పత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. రెండు పేర్లు, రెండు భాషలు, రెండు కోర్టులు ఉన్న ఊళ్లో తెలివైన ఆడపిల్ల ఎన్ని దారులు వెతుక్కోగలదో ఆలోచించు. నీ అమ్మాయికి కత్తి యుద్ధం నేర్పించడం కంటే పత్రాలు రాయడం నేర్పిస్తే కథ పాకాన పడుతుంది.

పేర్ల విషయంలోనూ ఇదే పాటించు. ఒకే పేరులో రెండు జాతుల శబ్దాలు అతికించి విచిత్రంగా చెయ్యొద్దు. ఏటి ఒడ్డువాళ్ల పేర్లకు ఒక నడక పెట్టు, ఓడవాళ్ల పేర్లకు ఇంకో నడక పెట్టు, ఉద్యోగం కావాలనుకున్నవాడు ఆఫీసులో ఓడవాళ్ల పేరు చెప్పి, ఇంటికొచ్చాక తల్లి నోట పాత పేరు పిలిపించుకుంటాడు.

రాజుకూ దేవుడికీ ఉన్న సంబంధం కూడా ఒక్క రకమే అనుకోకు. టోలెమీలు బతికుండగానే దేవుళ్లు. తిరువితాంకూరులో మార్తాండవర్మ 1750లో రాజ్యం మొత్తం పద్మనాభస్వామికి సమర్పించి, తాను పద్మనాభదాసుడిగా ఏలాడు, అక్కడ యజమాని దేవుడు, రాజు సేవకుడు. విజయనగర రాజులు శాసనాల చివర తమ పేరుకు బదులు శ్రీ విరూపాక్ష అని చేవ్రాలు పెట్టేవాళ్లు. పూరీలో రథయాత్ర రోజున గజపతి రాజు బంగారు పిడి చీపురుతో జగన్నాథుడి రథం ఊడుస్తారు, ఇప్పటికీ. కంబోడియాలో 802లో రెండవ జయవర్మ మహేంద్రపర్వతం మీద దేవరాజ క్రతువు చేయించుకున్నాడు, ఆ క్రతువు చేసే హక్కు శివకైవల్యుడనే పూజారి కుటుంబానికే ఉండేదని 11వ శతాబ్దంలో వేయించిన స్దోక్ కాక్ థోమ్ శాసనం చెబుతుంది. ఈ చివరిది నీకు బాగా పనికొస్తుంది. రాజును దేవుణ్ని చేసే మంత్రం ఒకే ఇంటివాళ్లకు తెలుసు, ఆ ఇంట్లో ఈ తరంలో మగపిల్లలు లేరు, లేదా ఉన్నవాడికి కొత్త రాజంటే గిట్టదు. చూశావా, నవలకు ముడి దానంతట అదే పడుతోంది. వీటిల్లో నీ రాజు ఏ రకమో ఈ వారంలో తేల్చుకో, అన్నీ కలిపేస్తే మాత్రం ఏదీ నిలవదు.

ఒక మాట కాస్త గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకు. నీ నోట్సులో ఓడలమీద వచ్చినవాళ్లకు చదువు, కట్టడాలు, చట్టం ఉన్నాయి, ఏటి ఒడ్డువాళ్లకు పాటలు, నాట్యం, అమాయకత్వం ఉన్నాయి. అలా రాయొద్దు. టోలెమీలు వచ్చేసరికి ఈజిప్టు గుళ్లలో వేల ఏళ్ల నాటి లెక్కలు, వైద్యం, భూమి కొలతలు ఉన్నాయి, వచ్చినవాళ్లు వాటి మీద ఆధారపడే పన్ను వసూలు చేశారు. గెలిచినవాళ్లు నేర్చుకున్నది కూడా కథలో కనిపించాలి. ప్లూటార్క్ అనే పాతకాలపు గ్రీకు రచయిత చెప్పేదాన్ని బట్టి ఆ వంశంలో ఈజిప్టు భాష నేర్చుకున్న మొదటి మనిషి చివరి క్లియోపాత్రే. అన్ని తరాలు దేవుళ్లుగా మొక్కులు అందుకుంటూ, మొక్కేవాళ్ల మాట అర్థం కాకుండా గడిపారంటే మధ్యలో నిలబడ్డ దుబాసీలకు ఎంత పలుకుబడి ఉండి ఉంటుందో ఊహించు. అలాగే మన చుట్టూ ఇవాళ ఎవరో పూజిస్తున్న దేవతను పేరు మార్చి నీ కథలోకి దించకు. వాళ్లు చదివితే నొచ్చుకుంటారు, నీకూ సొంత దేవుణ్ని తయారుచేసుకునే శ్రమ తప్పిపోయి కథ పలచనవుతుంది.

మ్యాపును ఇక ముట్టుకోకు, సరిపోయినంత ఉంది. ఇప్పుడు ఒక్క సీను రాయి. కరువొచ్చిన ఏడు, ఏటి ఒడ్డు గుడిలో పూజారులు కూర్చుని తీర్మానం రాయిస్తున్నారు, రాజుకు ఎన్ని పూటలు సేవ, బదులుగా ఏ పన్ను మాఫీ అని. రాసేది రెండు భాషలూ వచ్చిన దుబాసీ కూతురు. ఒక భాషలో ఉన్న మాట రెండో భాషలోకి రాస్తున్నప్పుడు ఆ అమ్మాయి ఒకచోట ఆగాలి, అక్కడ ఏం రాస్తే ఎవరి తల తెగుతుందో ఆవిడకు తెలియాలి. రాజు ఆ సీనులో కనిపించనక్కర్లేదు. నాలుగైదు పేజీలు చాలు, వర్ణనలు తగ్గించి మాటలు ఎక్కువ రాయి. వచ్చే ఆదివారం లోపల పంపితే చదివి, పక్కన పెన్సిల్‌తో రాసి ఇస్తాను. ప్రింట్ తీసి పోస్టులో పంపు, ఫోన్‌లో అంత చదివితే నాకు కళ్లు లాగుతాయి.

మీ పెద్దమ్మ