కాండిన్‌స్కీ పక్కన ఆమె ఎవరు?

ప్రశ్న: మేడమ్, రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ గురించి ఏది చదివినా గాబ్రియేలె ముంటర్ పేరు ఒక్క వాక్యంలో వచ్చిపోతుంది. ఆయన శిష్యురాలు, సహచరి, ఆయన బొమ్మల్ని దాచిన మనిషి. అంతేనా? చిత్రకారిణిగా ఆమెకంటూ ఏమైనా ఉందా?

ఉందమ్మా, చాలా ఉంది. మ్యూనిక్‌లోని లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియంలో ఆమె 1909లో అట్ట మీద వేసిన నూనెరంగుల బొమ్మ ఒకటుంది. అడ్డంగా కొలిచినా 45 సెంటీమీటర్లు ఉండదు. పచ్చిక వాలు మీద ఆమె స్నేహితులైన చిత్రకారులిద్దరు, యావ్లెన్‌స్కీ, వెరెఫ్‌కిన్, తీరిగ్గా వాలి ఉంటారు. ఇద్దరి ముఖాల్లోనూ కళ్లు లేవు, ముక్కు లేదు, నోరు లేదు. వెనక నీలం కొండలు, ఒక్కో రంగు చుట్టూ ముదురు గీత. అంతే. అయినా ఆ ఇద్దరూ ఎంత ఆదమరిచి ఉన్నారో, ఎండ ఎంత హాయిగా ఉందో నాకు ఒంటికి తగిలినట్టు తెలిసింది. దాని ముందు నిలబడి మళ్లీ మళ్లీ చూశాను. ఏది వదిలేయాలో అంత ధైర్యంగా తేల్చుకోగలిగిన చేయి ఎవరి చాటునో పెరిగిన చేయి కాదు.

ఆమె 1877లో బెర్లిన్‌లో పుట్టింది. తల్లిదండ్రులిద్దరూ పోయాక 1898లో అక్కతో కలిసి అమెరికాలోని బంధువుల దగ్గరికి వెళ్లి రెండేళ్లు తిరిగింది. చేతిలో కొడాక్ కెమెరా. దాదాపు 400 ఫోటోలు తీసింది. కాండిన్‌స్కీ ఎవరో తెలియకముందే ఆమెకు దృశ్యాన్ని చట్రంలో అమర్చడం తెలుసన్నమాట! ఇది ఎవరూ చెప్పరు, నాకు మాత్రం చాలా ముఖ్యమనిపిస్తుంది.

ఆ రోజుల్లో మ్యూనిక్ కళా అకాడమీ ఆడవాళ్లను చేర్చుకునేది కాదు. అందుకే 1902లో ఫాలంక్స్ అనే ప్రైవేటు బడిలో చేరింది. అక్కడ పాఠం చెప్పింది కాండిన్‌స్కీ. ఆయనకు అప్పటికే పెళ్లయింది. మరుసటి ఏడాదే ఇద్దరూ పెళ్లి మాట అనుకున్నారు, ఆ పెళ్లి మాత్రం ఎన్నటికీ జరగలేదు.

1908 వేసవిలో ఆల్ప్స్ కొండల దిగువనున్న ముర్నావ్ ఊరికి వెళ్లారు. అంతవరకూ ముంటర్ చిన్న కత్తితో రంగు ముద్దలు ముద్దలుగా పెట్టి వెలుతురును పట్టుకోవాలని చూసేది. ముర్నావ్‌లో అది వదిలేసింది. చదునుగా పరిచిన రంగులు, నల్లని గీత, ఒక్కోరోజు నాలుగైదు బొమ్మలు. ప్రకృతిని చూసి దించడం నుంచి దాని సారం పిండడానికి దూకానని తర్వాత తనే రాసుకుంది. 1911లో కాండిన్‌స్కీ, మిత్రులు కట్టిన ‘నీలి రౌతు’ చిత్రకారుల బృందం తొలి ప్రదర్శనలో ఆమె బొమ్మలూ ఉన్నాయి.

ప్రశ్న: ఆమె అద్దం మీద బొమ్మలు వేసిందని విన్నాను. కాన్వాసుకీ దానికీ తేడా ఏమిటి?

తేడా అంతా వరసలో ఉంది. అద్దం వెనకవైపు వేసి ముందునుంచి చూస్తాం. కాబట్టి కాన్వాసు మీద చివర పెట్టేది ఇక్కడ మొదట పెట్టాలి. ముందు నల్లని గీతలు, కంటిపాప, బట్ట మీద చుక్క. ఆ తర్వాత ముఖం రంగు. అన్నిటికన్నా చివర వెనకాల ఆకాశం. కుడి ఎడమ అవుతుంది. తప్పు పడితే పైన ఇంకో పూత వేసి కప్పేద్దామంటే కుదరదు, ఎందుకంటే ముందు పడిందే కనిపిస్తుంది. ముర్నావ్ ప్రాంతంలో పల్లె కళాకారులు దేవుళ్ల పటాలు ఇలాగే వేసేవారు. అప్పటికింకా ఆ పని చేస్తున్న హైన్‌రిఖ్ రాంబోల్డ్ దగ్గర ముంటర్ నేర్చుకుంది. మొదట పాత పటాలను చూసి వేసింది, తర్వాత సొంతవి. బృందంలో ముందు ఈ పని పట్టింది ఆమే, కాండిన్‌స్కీ వెనక వచ్చాడు. ఆమె నూనెరంగుల్లో ఆ నల్లగీత అంత నిబ్బరంగా ఉండటానికి ఈ సాధన తోడ్పడిందని నా నమ్మకం.

ప్రశ్న: తనను వదిలేసిన మనిషి బొమ్మల్ని ఎందుకు కాపాడింది?

1914లో యుద్ధం రాగానే రష్యా పౌరుడైన కాండిన్‌స్కీ జర్మనీ వదలాల్సి వచ్చింది. ఆయన కోసం ఈమె స్టాక్‌హోమ్ వెళ్లి ఎదురుచూసింది. ఆయన వచ్చాడు గానీ, 1916లో అక్కడ విడిపోయినవాళ్లు మళ్లీ కలవలేదు. 1917లో ఆయన మాస్కోలో నీనా అనే ఆమెను పెళ్లి చేసుకున్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు ముంటర్ కుంచె బాగా నెమ్మదించింది. 1931లో ముర్నావ్ ఇంటికి తిరిగొచ్చింది. అది 1909లో తన డబ్బుతో కొన్న ఇల్లు. నాజీలు ఆధునిక చిత్రాలను ‘దిగజారిన కళ’ అని ముద్ర వేసి లాక్కుంటున్న కాలంలో కాండిన్‌స్కీవీ, స్నేహితులవీ, తనవీ ఆ ఇంటి నేలమాళిగలో దాచింది. సోదాలు జరిగినా దొరకలేదు.

ఎందుకంటారా? ప్రేమ మిగిలిందని చాలామంది రాస్తారు. నాకలా అనిపించదు. ఆ బొమ్మల్లో ఆమె కళ్లముందు పుట్టినవెన్నో ఉన్నాయి, ఆ పనిలో ఆమె వంతూ ఉంది. ఒక చిత్రకారిణి తన కాలపు పనిని అగ్గికి వదలదు. 1957లో, 80వ పుట్టినరోజుకు, వెయ్యికి పైగా పనులు లెన్‌బాఖ్‌హౌస్‌కు ఇచ్చేసింది. వాటిలో కాండిన్‌స్కీ నూనెరంగుల చిత్రాలే 90. ఐదేళ్ల తర్వాత ఆ ముర్నావ్ ఇంట్లోనే కన్నుమూసింది. మీరెప్పుడైనా అక్కడికి వెళితే మెట్లు చూడండి. పక్కన కాండిన్‌స్కీ వేసిన గుర్రపు రౌతులూ పువ్వులూ ఇంకా ఉన్నాయి.