మీ అమ్మ మోకాలికి పార్షియలా, టోటలా?

చిన్నా,

మీ అమ్మ మోకాలి మార్పిడి ఆపరేషన్‌కి విశాఖలో ఒక డాక్టరు పార్షియల్, అంటే అరిగిన భాగం ఒక్కటే మార్చడం, సరిపోతుందన్నారు, ఇంకొకరు టోటలే, అంటే మోకాలు మొత్తం మార్చడమే, చేయాలన్నారు, ఎవరి మాట వినాలి అత్తా అని అడిగావు. ఫోన్లో తేలేది కాదు కాబట్టి రాస్తున్నాను, మీ అమ్మకి కూడా చదివి వినిపించు. ఎముకల వార్డులో నర్సుగా ఏళ్ల తరబడి పనిచేశాను, నా మోకాలికి టోటల్ అయింది, మీ మావయ్యకి పార్షియల్ అయింది, రెండూ దగ్గర్నుంచి చూసినదాన్ని. ముందే ఒక మాట చెప్తాను. చిన్న ఆపరేషన్ కదా అని పార్షియల్ వైపు మొగ్గకు, ఒక్కసారితో గొడవ వదిలిపోతుందని టోటల్ వైపూ మొగ్గకు. మీ అమ్మ మోకాల్లో ఏ భాగం ఎంత అరిగిందో తేలితే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మోకాల్లో లోపలివైపు, బయటివైపు, చిప్ప వెనకాల అని మూడు భాగాలుంటాయి. మన ఆడవాళ్లకి ఎక్కువగా లోపలివైపు గుజ్జే ముందు అరుగుతుంది, కాళ్లు దొడ్డికాళ్లయ్యేది అందుకే. అరుగుదల ఆ ఒక్కవైపే ఉంటే అక్కడ మాత్రం లోహపు తొడుగులు వేసి మధ్యలో ప్లాస్టిక్ ముక్క పెడతారు, అదే పార్షియల్. టోటల్‌లో తొడ ఎముక చివరా, కాలి ఎముక పైభాగమూ మొత్తం చెక్కి తొడుగులు వేస్తారు, అవసరమైతే చిప్ప వెనక ప్లాస్టిక్ బిళ్ల కూడా పెడతారు. మోకాలి మధ్యలో ముందొకటి, వెనకొకటి రెండు లిగమెంట్లుంటాయి, అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీలు. పార్షియల్‌లో రెండూ ఉంచేస్తారు, టోటల్‌లో మామూలుగా ముందుది తీసేస్తారు, కొన్ని రకాల్లో వెనకది కూడా. మీ మావయ్య రామతీర్థం వెళ్లినా, బజారుకి వెళ్లినా తన మోకాలు తనదే అన్నట్టు నడుస్తారు. నాకు నొప్పి లేదు, హాయిగా నడుస్తాను, కానీ లోపల ఏదో ఉందని తెలుస్తూనే ఉంటుంది.

ఇది చదివి పార్షియలే చేయించేద్దాం అనుకుంటావేమో, ఆగు. దానికి పనికొచ్చే మోకాలు వేరే. మీ అమ్మని నొప్పి ఎక్కడుందో చూపించమను. ఒక్క వేలు పెట్టి లోపలివైపు ఇక్కడే అంటే పార్షియల్‌కి అవకాశం ఉంది, అరచేత్తో మోకాలంతా తడిమి చూపిస్తే టోటల్ గురించి ఆలోచించాలి. ఇది మొదటి సూచన మాత్రమే. ముందువైపు లిగమెంటు గట్టిగా ఉండాలి, డాక్టరు చేత్తో నొక్కితే కాలి వంకర సరి కావాలి, కాలు పదిహేను డిగ్రీలకు మించి ముడుచుకుపోయి ఉండకూడదు, రుమటాయిడ్ లాంటి వాపు జబ్బు ఉండకూడదు. లావుగా ఉన్నవాళ్లకి, అరవై లోపు వాళ్లకి పార్షియల్ చేయకూడదని పూర్వం అనేవారు, ఇప్పుడు అంత పట్టింపు లేదు. ఇంకో సంగతి, ఎముక ఎముకకి తగిలేంత అరుగుదల లేకుండానే పార్షియల్ చేస్తే నొప్పి తగ్గక బాధపడేవాళ్లు ఎక్కువ. ఇంకా కాస్త గుజ్జు మిగిలి ఉంటే అసలు ఆపరేషనే వద్దు, తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం, చేతికర్ర ముందు చూడాలి.

నువ్వు పంపిన ఎక్స్‌రే పడుకోబెట్టి తీసింది. దాంతో ఏమీ తేల్చలేం. నిలబెట్టి, బరువు కాళ్ల మీద ఉండగా తీసిన ఫిల్ము కావాలి, ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, చిప్పకి ఒకటి, వీలైతే తుంటి నుంచి మడమ దాకా పొడుగు ఫిల్ము. బయటివైపు గుజ్జు బాగుందో లేదో తెలియడానికి మోకాలిని పక్కకి నొక్కి పట్టి తీసే ఫిల్ము కూడా ఉంటుంది. ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారంటే ఒకరు ఇవన్నీ చూసి, ఇంకొకరు చూడకుండా చెప్పి ఉండొచ్చు. లేదా ఒకరికి పార్షియల్ అలవాటు ఉండి, ఇంకొకరికి లేకపోవచ్చు. మొహమాటపడకుండా అడుగు, ఏడాదికి ఎన్ని పార్షియల్ చేస్తారని. ఎప్పుడో ఒకటి చేసేవారి దగ్గర ఇది చేయించకు, వాళ్ల చేతిలో త్వరగా దెబ్బతింటాయి. అలాంటి చోట, చేయి తిరిగిన డాక్టరు చేసే టోటలే మేలు.

మన్నిక గురించి అడిగావు. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం పాతికేళ్లకి టోటల్ నూటికి 82 నిలిచాయి, పార్షియల్ 70. అదే ఏడాది అదే పత్రికలో బ్రిటన్‌లో 528 మందిని అయిదేళ్లు గమనించిన పరిశోధన కూడా వచ్చింది, రెండు ఆపరేషన్లకీ తగినవాళ్లనే తీసుకుంటే నొప్పిలో, నడకలో పెద్ద తేడా కనబడలేదు. పార్షియల్‌లో రక్తం పోవడం, ఇన్ఫెక్షన్, రక్తం గడ్డలు కట్టడం తక్కువ, త్వరగా లేచి తిరుగుతారు. తర్వాత మిగతా భాగాలు అరిగితే టోటల్‌కి మార్చాల్సి వస్తుంది, మార్చింది మొదటిసారి చేసిన టోటల్ అంత బాగా రాకపోవచ్చు. మీ అమ్మది అరవై ఎనిమిదేళ్లు, అరుగుదల ఒక్కవైపే అయితే నేను పార్షియలే అంటాను.

ఇక నాకు అసలు టెన్షన్ మోకాలి గురించి కాదురా, కిడ్నీల గురించి. మీరుండేది కవిటి వైపు, ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో నీకు తెలుసు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటున్న ఆ నొప్పి బిళ్లలు ఈ రోజే ఆపించు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించి, ఆ కాగితం ఆపరేషన్ డాక్టరుకీ, మత్తు డాక్టరుకీ ఇద్దరికీ చూపించు, ఆపరేషన్ తర్వాత రాసే మందులు అది చూసి రాయాలి. షుగర్ మూడు నెలల సగటు ఎక్కువుంటే అది దిగేదాకా ఆగు. కాలి వేళ్ల మధ్య ఒరుపులు, పుచ్చిన పళ్లు ముందే బాగు చేయించు, ఇన్ఫెక్షన్ అక్కడినుంచి లోహానికి పాకొచ్చు. రెండు మోకాళ్లూ ఒకేసారి చేసేద్దాం అంటే ఈ వయసులో, ఈ కిడ్నీలతో నేను ఒప్పుకోను.

డబ్బు సంగతి. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి తొడుగులకు ధర కట్టేసింది, అప్పటిదాకా లక్షన్నర దాటిన మామూలు కోబాల్ట్ క్రోమియం రకం టోటల్ సెట్టుకి 54,720 రూపాయలు, పన్ను అదనం అని. తర్వాత సవరణలు వచ్చాయి, ఇప్పటి ధర కనుక్కో. బిల్లులో తొడుగు ఖరీదు, కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు విడిగా రాయమను, డబ్బా మీది స్టిక్కరు దాచిపెట్టు. మీ ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద వస్తుందో లేదో ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని ముందే అడుగు. రోబోతో ఆపరేషన్ అంటే మాత్రం అదనంగా కట్టడానికి తొందరపడకు, అది డాక్టరు చేతిలో పనిముట్టు, ఆయన అనుభవం ముందు చూడు.

ఆపరేషన్ రోజో మర్నాడో నిలబెట్టి నడిపిస్తారు. హాయిగా ఉంటుందని మోకాలి కింద తలగడ పెట్టనివ్వకు, కాలు ముడుచుకుపోయి ఇక చాచుకోదు, పెడితే మడమ కింద పెట్టాలి. వంచడం ఎంత ముఖ్యమో పూర్తిగా చాచడం అంతకన్నా ముఖ్యం. ఆరు వారాలు ఫిజియో ఆపొద్దు, ఏడ్చినా సరే. టోటల్ అయితే కుట్టు బయటివైపు చర్మం మొద్దుబారుతుంది, నెలల తరబడి మోకాలు వెచ్చగా ఉంటుంది, కంగారుపడకండి. పిక్క వాచి నొప్పెడితే, ఆయాసం వస్తే, కుట్టులోంచి చీము వస్తే మాత్రం ఆ గంటలోనే ఆస్పత్రికి వెళ్లాలి. విశాఖ నుంచి మీ ఊరు చేరడానికి గంటల ప్రయాణం, దారిలో గంటకోసారి దించి నడిపించు.

ఇంటికొచ్చాక కింద కూర్చోవడం మీ అమ్మకి కష్టం. రెండిట్లో ఏది చేసినా గొంతుకూర్చోవడం వద్దు. పార్షియల్‌లో కదిలే ప్లాస్టిక్ ముక్క ఉండే రకమైతే బాగా ముడిచి కూర్చుంటే అది జారే ప్రమాదం ఉంది. కత్తిపీట తీసేసి కూరలు బల్ల మీద కోసుకునేలా ఏర్పాటు చెయ్యి, దొడ్లో కమోడ్, గోడకి పట్టుకునే కడ్డీ ముందే పెట్టించు. సంక్రాంతికి ముందు మాత్రం చేయించకు, చుట్టాలు వస్తే ఆవిడ మంచం మీద ఉండదు, పిండివంటల దగ్గర నిలబడుతుంది.

నిలబెట్టి తీసిన ఫిల్ములు, క్రియాటినిన్ కాగితం ఫొటో తీసి నాకు పంపు. అవి వచ్చేదాకా ఏ ఆస్పత్రికీ అడ్వాన్సు కట్టకు.

మీ మేనత్త
విజయనగరం