నిజం రాసినా పరువు నష్టం కేసు పెట్టొచ్చా? పెట్టించుకున్నవాడిగా చెప్తున్నాను

పత్రికా స్వేచ్ఛ రాజ్యాంగం ఇచ్చిన హక్కు కదా, ఉన్నది ఉన్నట్టు రాసిన విలేకరి మీద కేసు ఎలా పెడతారు, అసలు ఎక్కడిదాకా రాయొచ్చు అని అడిగారు.

పెట్టొచ్చండీ. నా మీద పెట్టారు. రెండున్నరేళ్లు కోర్టు చుట్టూ తిరిగాను.

ఖమ్మం జిల్లాలో ఒక మండలానికి తొమ్మిదేళ్లు ఒక దినపత్రిక కంట్రిబ్యూటర్‌గా పనిచేశాను. ఈ పని తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: జీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి నెలకింత అని ఇస్తారు, దానికి తోడు ప్రకటనలు తెమ్మని టార్గెట్. ఊళ్లో మాత్రం అందరూ ప్రెస్సాయన అంటారు.

2014 చివర్లో ఒక రేషన్ డీలర్ ఫోన్ చేశాడు. "అన్నా, గోదాము నుంచి వచ్చే బస్తాలు తూకం తగ్గుతున్నాయి. కార్డుదారులేమో నేను కొట్టేస్తున్నానని తిడుతున్నారు" అని. మర్నాడు లారీ వచ్చే టైముకి షాపు దగ్గర కూర్చున్నాను. నా కళ్ల ముందే నలభై బస్తాలు దించారు. ఒక్కో బస్తా కాటా మీద పెట్టించాను. యాభై కిలోల బియ్యం ఉండాలి, గోనెసంచి బరువు అరకిలో పైన అదనం. మొదటి బస్తా సంచితో కలిపి 48 కిలోల 200 గ్రాములు తూగింది. రెండోది 47 కిలోల 900. షాపు కాటాలోనే తేడా ఉందంటారేమోనని మొత్తం బస్తాలను ఒక రైతు ట్రాక్టర్‌లో వేయించి రైస్ మిల్లు దగ్గర వే బ్రిడ్జి ఎక్కించాం. లోడుతో ఒక చీటీ, ఖాళీ ట్రాక్టర్‌కి ఒక చీటీ. సంచులతో కలిపి కూడా 1,910 కిలోలే వచ్చాయి. అంటే సంచుల బరువు వదిలేసినా 90 కిలోలు తక్కువ.

నేను రాసి పంపిన వార్తలో తూకం వివరాలు, డీలర్ మాటలు, రవాణా కాంట్రాక్టర్ పేరు ఉన్నాయి. శీర్షిక "బియ్యం తూకంలో 90 కిలోల తేడా" అని పెట్టాను. పొద్దున జిల్లా ఎడిషన్ చూస్తే "పేదల బియ్యం మింగిన కాంట్రాక్టర్" అని ఉంది. అప్పుడు నాకు సంతోషమే వేసింది. వార్త బాగా పేలిందనుకున్నాను.

వారం తిరక్కుండా రిజిస్టర్డ్ పోస్టులో లాయర్ నోటీసు వచ్చింది. ఆ తర్వాత మేజిస్ట్రేట్ కోర్టులో ప్రైవేటు కేసు. పరువు నష్టం విషయంలో మామూలుగా పోలీసులు తమంతట తాము కేసు కట్టరు. పరువు పోయిందన్న మనిషే నేరుగా కోర్టుకు వెళ్లాలి. అప్పుడు ఐపీసీ 499, 500 సెక్షన్లు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356. శిక్ష రెండేళ్ల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ. కొత్త చట్టంలో సమాజ సేవ కూడా చేర్చారు. సమన్లు పట్టుకుని కానిస్టేబుల్ మా ఇంటికొచ్చినప్పుడు నేను ఊళ్లో లేను. మా ఆవిడ తలుపు తీసింది. వీధి వీధంతా చూసింది.

మా వకీలు మొదటిరోజు నన్ను రెండే అడిగాడు. "కాంట్రాక్టర్ని వివరణ ఎన్నిసార్లు అడిగావ్?" ఒక్కసారి ఫోన్ చేశాను, ఎత్తలేదు, అందుబాటులోకి రాలేదని రాసేశాను. "బియ్యం ఆయనే తీశాడని నీ దగ్గర ఏం ఉంది?" ఏమీ లేదు. గోదాములోనే తగ్గించి పంపారో, దారిలో తీశారో, లారీ క్లీనర్ చేశాడో నాకు తెలియదు. నా చేతిలో ఉన్నది తూకం ఒక్కటే. శీర్షికలో ఉన్నది దొంగతనం. కేసు మొత్తం ఆ శీర్షిక మీదే నడిచింది.

నిజం చెప్తే చాలు కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. చట్టంలో మినహాయింపు అలా రాయలేదు. చెప్పింది నిజమై ఉండాలి, దాన్ని ప్రచురించడం ప్రజల మేలు కోసమై ఉండాలి. రెండూ చూపించే బరువు రాసినవాడి మీదే పడుతుంది. నాకు సాక్ష్యం చెప్పాల్సిన డీలర్ "అన్నా, నా షాపు పోతది, నన్ను వదిలెయ్" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. ఇద్దరు పిల్లలతో ఆ షాపు మీదే బతుకుతున్నాడు.

పత్రిక వాళ్ల లాయర్ ఎడిటర్ తరఫున, పబ్లిషర్ తరఫున వచ్చేవాడు. నేను ఉద్యోగిని కాదు కాబట్టి నా వకీలును నేనే చూసుకోవాల్సి వచ్చింది. వాయిదా రోజు పొద్దున్నే బస్సెక్కి వెళ్లడం, పేరు పిలిచినప్పుడు చేతులు కట్టుకుని నిలబడడం, ఒకసారి ఫిర్యాది రాలేదని, ఒకసారి జడ్జి గారు సెలవని మళ్లీ తారీఖు తీసుకుని రావడం. పరువు నష్టాన్ని నేరంగా ఉంచడమే రాజ్యాంగానికి విరుద్ధమంటూ అప్పట్లో సుప్రీంకోర్టులో పిటిషన్లు నడుస్తుండేవి. ఆ తీర్పు మీద చాలా ఆశపెట్టుకున్నాను. 2016 మేలో సుబ్రమణ్యస్వామి కేసులో ఆ సెక్షన్లు చెల్లుతాయని తీర్పొచ్చింది. పరువు కూడా 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమే అన్నారు. "ఇక ఆ ఆశ వదులుకో" అన్నాడు మా వకీలు. 2017లో లోక్ అదాలత్‌లో రాజీ అయింది. పత్రిక లోపలి పేజీలో నాలుగు లైన్ల వివరణ వేసింది, ఆయన కేసు వెనక్కి తీసుకున్నాడు.

ఆ మధ్యకాలంలో నేను రాసినవి తిరగేస్తే శంకుస్థాపనలు, జాతరలు, నాయకుల పుట్టినరోజులు కనిపిస్తాయి. గోదాము వైపు వెళ్లలేదు. ఎవరూ నన్ను రాయొద్దని ఆదేశించలేదు, తారీఖులే ఆ పని చేశాయి. తప్పు రాస్తే సవరణ వేయించండి, సివిల్ కోర్టులో నష్టపరిహారం అడగండి, దానికి నేను ఒప్పుకుంటాను. జైలు భయం మాత్రం పరువు నష్టంలో ఉండకూడదని ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను. డబ్బున్నవాడికి కేసు గెలవాల్సిన పని లేదు, నడిపితే చాలు.

శీర్షిక ఎంతదూరం తీసుకెళ్తుందో మన తెలుగువాళ్లకు ఇంతకంటే పెద్ద ఉదాహరణే ఉంది. 1983లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో జరిగిన గొడవ మీద ఈనాడు "పెద్దల గలభా" అని వార్త వేసింది. మండలి దాన్ని సభాహక్కుల ఉల్లంఘన అంది. 1984లో ఎడిటర్ రామోజీరావును సభ ముందుకు తీసుకొచ్చి మందలించాలని నిర్ణయించింది. ఆయన సుప్రీంకోర్టుకెళ్లి స్టే తెచ్చుకున్నారు. మండలి 1985లో రద్దయింది, తర్వాత మళ్లీ వచ్చింది. చట్టసభలకున్న ఈ హక్కులు కూడా పత్రికకు ఒక హద్దే, దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు.

ఇక రాజ్యాంగం సంగతి. వాక్ స్వాతంత్ర్యం ఇచ్చే 19(1)(ఎ) అధికరణంలో పత్రిక అనే మాట లేదు. పౌరులందరికీ ఉన్న వాక్ స్వాతంత్ర్యంలోంచే పత్రికా స్వేచ్ఛ వస్తుందని 1950లో రమేష్ థాపర్ కేసు నుంచీ కోర్టులు చెప్తున్నాయి. అంటే మీకున్నంతే నాకూ ఉంది. ఆంక్షలు 19(2)లో ఉన్నాయి: దేశ సమగ్రత, భద్రత, విదేశాలతో స్నేహం, శాంతిభద్రతలు, సభ్యత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి ప్రేరేపించడం. పైన చెప్పిన సభాహక్కులు పక్కన పెడితే, ఇవి తప్ప వేరే సాకు చెల్లదు. ప్రభుత్వానికి చెడ్డపేరు వస్తుందనేది ఆ జాబితాలో లేదు. 2015లో ఆన్‌లైన్ రాతల మీద కేసులు పెట్టే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను కొట్టేసినప్పుడు సుప్రీంకోర్టు చర్చించడం, వాదించడం వేరు, రెచ్చగొట్టడం వేరు అని విడదీసి చెప్పింది.

నేను మనస్ఫూర్తిగా ఒప్పుకునే హద్దు ఒకటుంది. కేసుకు ఏడాది ముందు ఒక తండాలో చిన్నపిల్ల మీద అఘాయిత్యం జరిగింది. పేరు రాయకూడదని తెలుసు, రాయలేదు. తండా పేరు, తండ్రి ఆటో నడుపుతాడని, జెడ్పీ స్కూల్లో పదో తరగతి అని రాసి పంపాను. రాత్రి పదకొండింటికి డెస్క్ నుంచి సీనియర్ సబ్ ఎడిటర్ ఫోన్ చేశారు. "ఆ తండాలో పదో తరగతి ఆడపిల్లలు ఎంతమంది?" అని అడిగారు. "ఇద్దరు సార్" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు, ఆ మూడు వివరాలూ తీసేశారు. పిల్లలపై లైంగిక నేరాల మీద ఉన్న పోక్సో చట్టం 23వ సెక్షన్ పేరు ఒక్కటే కాదు, కుటుంబం, స్కూలు, ఇరుగుపొరుగు, పిల్లను గుర్తుపట్టే ఏ వివరమూ వేయొద్దంటుంది. ఇంకో పత్రికలో అవన్నీ వచ్చాయి. మర్నాడు వాళ్ల ఇంటి ముందు జనం. ఆ పిల్ల మళ్లీ స్కూలుకి రాలేదు. ఆ ఫోన్ రాకపోయి ఉంటే అది నా వార్తే అయ్యేది.

మీ రెండో ప్రశ్నకు నేను పాటించింది చెప్తాను. కేసు తర్వాత ఏ అవినీతి వార్తకైనా ముందు ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టి కాగితం తెప్పించుకున్నాను. ప్రభుత్వ రికార్డులో ఉన్నది రాస్తే, అధికారి విధి నిర్వహణ మీద రాస్తే రక్షణ ఎక్కువని 1994 నాటి సుప్రీంకోర్టు రాజగోపాల్ తీర్పు చెప్తుంది. మా కాంట్రాక్టర్ అధికారి కాదు, అక్కడ దెబ్బతిన్నాను. వివరణ ఫోన్‌లో అడగడంతో ఆగకుండా మెసేజ్ కూడా పెట్టి స్క్రీన్‌షాట్ దాచండి. నోటీసు వస్తే భయపడి పక్కన పడేయకండి, గడువులోపు వకీలుతో జవాబిప్పించండి. వాట్సాప్ గ్రూపులో పెట్టినా ప్రచురణ కిందకే వస్తుంది, విలేకరులకే అనుకోకండి.

ఇంకొకటి. కాటా చీటీల మీద అక్షరాలు ఎక్కువకాలం నిలవవు. రెండేళ్ల తర్వాత కోర్టులో తీసి చూస్తే ఖాళీ ట్రాక్టర్ చీటీ మీద అంకెలు కనపడలేదు. తీసుకున్న రోజే జిరాక్స్ తీయించి పెట్టుకోండి.